నీళ్ళు లేని రేవు

సనత్‌నగర్‌ల ఒక రేవున్నది.
నీళ్ళు లేవు, పడవ లేదు, కొంగ గూడ రాదు.
పట్టాల మీదికెల్లి ఇనుప డబ్బాలొస్తయ్,
సీలు తెంపి తలుపు గుంజితే
ఏ దేశం గాలో ముందుగాల దిగుతది.

సాల్మిన్ తలుపు మీద వేలు రాసి
నాలిక మీద పెట్టుకుంటడు.
"ఉప్పు" అంటడు, "ఇది శానా దూరం తిరిగొచ్చింది."
సముద్రం చూసినోడు కాదు.
నలభై ఆరేండ్లల్ల
హుస్సేన్‌సాగర్‌ను మించిన నీళ్ళు ఎరుగడు.

చూసినోడు వాళ్ళ తాత, ఫరజ్.
నిజాం గుర్రాల లాయం మూతపడ్డంక
ఏ.సీ. గార్డ్స్‌ల జీను అమ్ముకొని
బొంబాయి పోయిండు, బొగ్గు పారకు దొరికిండు.
ఓడ అడుగున కొలిమి నోరు.
తెల్ల కలాసీకి ఒక జీతం.
అదే ఓడల, అదే నిప్పు ముంగట
ఫరజ్‌కు దాంట్ల నాలుగో వంతు,
అండ్ల గూడ సారంగు చెయ్యి తడపంగ మిగిలింది.
అడిగితే దొర చెప్పిండట:
"మీ తోలుకు వేడెక్కదు."

తాత పెట్టెల ఒక పుస్తకం మిగిలింది.
ఓడోళ్ళు దాన్ని నల్లీ అంటరట.
మేం హమాలీలం పడీపడీ నవ్వినం,
నల్లి మాకెరుకే, మంచం సందుల ఉంటది, నెత్తురు తాగుతది.
సాల్మిన్ నవ్వలే. "ఇది గూడ అంతే" అన్నడు.
రంగు: నలుపు. గుర్తు: కుడి దండ మీద కాలిన మచ్చ.
నడత: చాలా మంచిది.
పదకొండు ఓడలు, పదకొండు సార్లు
చాలా మంచిది, చాలా మంచిది.

మొన్న రాత్రి షిఫ్టు దిగి పోతుంటే
మెహదీపట్నం కాడ పోలీసులు ఆపిండ్రు.
"పాస్‌పోర్ట్."
ఉర్దూల చెప్పిండు. తెలుగుల చెప్పిండు.
"అరె, వీనికి తెలుగొస్తదిరో" అని
ఒకడు సెల్ తీసి వీడియో పట్టిండు.
నన్ను పిలిపిస్తే తెల్లారుగట్ల నాలుగింటికి
హాజరు రిజిస్టర్ చంకల పెట్టుకొని పోయిన.
ఎస్సై పేజీ మీద వేలు పెట్టి చదివిండు:
"కాలా సాల్మిన్. మిర్చి. రెండు వందల పన్నెండు బస్తాలు."
నా దిక్కు చూసిండు. "వీడేనా?"
"వీడే సార్."
ఇడిసిపెట్టిండ్రు.

ఆ 'కాలా' నా రాతే.
ఇంకో సలీం ఉన్నడు, లెక్క కలవొద్దని రాసిన,
పద్నాలుగేండ్ల కింద, ఏం అనుకోకుంట.
సలీం పేరు ముంగట ఏమీ రాయలే.
ఇంకోటి గూడ ఉన్నది, ఎస్సై చదవనిది:
మే నెల పేజీలు తిప్పితే
మిట్టమధ్యాహ్నం మిర్చి డబ్బా లోపలికి
ఎవని పేరు పోయిందో.
రోజూ. నా పెన్నుకు అలవాటైంది.
"వాడైతే తట్టుకుంటడు" అంటిమి, అందరం,
పుట్టుక అడిగి ఊరవతల ఉంచిన
తాతల మనవలం.

ఇయ్యాల పన్నెండున్నరకు నేను పోయిన లోపలికి.
రేకు సలసల కాగుతున్నది.
మిర్చి కోరు కండ్లల్ల, ముక్కుల, గొంతుల.
ఇరవై బస్తాలు గూడ పేర్వలే,
బయటపడి బాలమణి చేతిల చెంబు గుంజుకున్న.
సాల్మిన్ నీడకు బీడీ ముట్టించుకుంట అడిగిండు:
"ఏం మున్షీ, వేడెక్కిందా?"

జవాబు చెప్పలే.
అవతల ముప్పై ఏడో డబ్బా సీలు తెంపుతున్నరు.