టిక్కుమన్నదాకా

ఆదివారం పొద్దున ఆరింటికి
కుషాయిగూడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో
బండి కింద వెల్లకిలా పడుకున్నాను.
మంజీర నీళ్లొచ్చే రోజు; పక్కన సంపు నిండుతున్న చప్పుడు.
పాత ఆయిలు నల్లగా, వెచ్చగా
ఇరానీ హోటల్ డికాక్షన్‌లా తీరుబడిగా
బేసిన్‌లోకి దిగుతోంది.

"ఏడాది కూడా కాని బండికి ఇదేం పనమ్మా,
వారంటీ పోదూ?"
పాల ప్యాకెట్లతో పరాంకుశం గారు.
అసోసియేషన్ సెక్రటరీ కళ్లు నా మీద లేవు,
నేల మీద మరక వెతుకుతున్నాయి.
మరక లేదు. పాత ఫ్లెక్సీ పరిచాను.
ఎవరో లీడరు జన్మదిన శుభాకాంక్షలు,
రెండు చేతులూ జోడించి
నా బోల్టులకు కాపలా కాస్తున్నాడు.

వారంటీ పోదూ.
ఉప్పల్ షోరూంలోనూ ఇదే మాట,
ఏసీలో, కాఫీ ఇచ్చి, మెత్తగా:
"బయట చెయ్యి పడితే మాకు సంబంధం లేదు మేడం."
ఆ రాత్రే డాష్‌బోర్డు అరలోంచి
కవరు చింపని చిన్న పుస్తకం తీశాను.
పెళ్లిమంత్రాల్లాంటి పుస్తకం,
అందరూ తలూపుతారు, అర్థం ఎవరూ అడగరు.
నేను అడుగుతాను. కోఠీలో మందుల హోల్‌సేల్ కొట్టు,
పద్దెనిమిదేళ్లుగా చిన్నక్షరాలే నా బువ్వ.
"యజమాని అశ్రద్ధ వల్ల" అని ఉంది అందులో.
"యజమాని చేతుల వల్ల" అని
మూడు రాత్రులు వెతికినా లేదు.

అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్.
తేదీ. మీటరు అంకె. ఆయిల్ గ్రేడు,
పుస్తకంలో చెప్పిందే, అక్షరం అటూ ఇటూ కాకుండా.
రాణిగంజ్ బిల్లు, దానికో జిరాక్సు,
ఆ నున్నటి కాగితం మీద అంకెలు
ఒక్క ఎండాకాలం కూడా బతకవు గనక.
పాత ఫిల్టర్లు కవర్లలో కట్టి బాల్కనీలో పెడతాను.
మా చిన్నది వాటికి పేర్లు పెట్టింది.

లాలాపేట గౌస్ భాయ్ నేర్పాడు ఈ పని.
"బిగించుడు బలం కాదు బేటీ, లెక్క.
అందరూ 'ఇంకొంచెం' అని తిప్పుతరు.
ఆ ఇంకొంచెమే మరను తినేస్తది."
చీటీ డబ్బులతో టార్క్ రెంచి కొన్నాను.
టిక్కుమంటుంది. అక్కడ ఆగాలి.
చెవి ఒగ్గడమే మిగిలిన విద్యంతా.

బోనాల వారం ఏసీ కంప్రెసర్ గరగరలాడింది.
షోరూం కుర్రాడు ప్రణీత్ నా నోట్‌బుక్ తిప్పి
మేనేజర్ని పిలుచుకొచ్చాడు.
"ఆయిల్ మీరే మార్చారా?"
"నేనే."
"కంప్రెసర్ కూడా విప్పారా?"
"లేదు. విప్పొద్దని నలభై ఒకటో పేజీలో ఉంది."
ఆయన ఆయిల్ పేజీ దగ్గరే నిలబడ్డాడు.
"ఆయిల్ మార్చడం వల్లే కంప్రెసర్ పోయిందని
ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అన్నాను,
పెన్ను ముందుకు జరిపి.
ఆ పెన్ను ఎవరూ తీసుకోలేదు.

ఆయన పేజీలు తిప్పుతూ మార్చి నెల దగ్గర ఆగాడు.
ఎర్రసిరా వరస ఒకటి:
"డ్రెయిన్ బోల్ట్ వంకరగా ఎక్కించాను.
ఆరువందల నలభై. నా తప్పు. క్లెయిమ్ లేదు."
దాన్ని రెండుసార్లు చదివాడు.

పదకొండు రోజులు పట్టింది కంప్రెసర్ రావడానికి.
గ్యాసు డబ్బులు మాత్రం నా దగ్గరే వసూలు చేశారు.
అదీ రాసుకున్నాను.

ఇప్పుడు ఆయిల్ చుక్క చుక్కగా సన్నబడింది.
కొత్త రాగి వాషర్, బోల్టు, ముందు వేళ్లతో,
మర దొరికాక రెంచితో.
పరాంకుశం గారు ఇంకా వెళ్లలేదు,
పాలు వేడెక్కుతున్నా వంగి చూస్తున్నారు.

టిక్.

ఇంకొంచెం, అంటోంది చెయ్యి.
ఆపాను.