వన్స్‌మోర్

నేను తెర పక్కన కూర్చునేవాణ్ని.
ఒళ్లో నూటపది పేజీల నోటుబుక్కు,
కాలి దగ్గర బుడ్డి దీపం.
ముప్ఫయ్యొక్క ఏళ్లు.
జనం నా ముఖం చూడలేదు గానీ
అందరి మాటా ముందు నా నోట్లోంచే వెళ్లింది.

నెల్లిమర్ల జూట్‌మిల్లు కార్మికుల నాటక సమాజం మాది.
బి షిఫ్టు దిగి, జుట్టులో నార పీచు దులుపుకుంటూనే
రాజులైపోయేవాళ్లు.
నాయిక వేషానికి మాత్రం విజయనగరం నుంచి కనకరత్నం వచ్చేది.
వెనకే హార్మోనియం పెట్టె,
పెట్టె కింద ఆమె భర్త గవరయ్య.

కథ కొత్తదేం కాదు.
రెండు కోటలు, నడుమ పాత పగ.
యువరాజు శత్రువు కూతుర్ని ఉత్సవంలో చూస్తాడు.
చూసిన రాత్రే పద్యం, మర్నాటికి ప్రాణం,
నాలుగో రాత్రి విషం.
ఓసారి పనిలేక లెక్కేశాను,
"చంద్రవదనా" పద్దెనిమిది సార్లు.
కోటగోడ మీద ఆమెని నిలబెట్టి అంతసేపు పాడతాడు గదా,
మాఘమాసమని పాఠంలోనే రాసుంది,
చలేస్తోందా అని ఒక్కసారి అడగడు.

యువరాజు మా త్రినాథ, స్పిన్నింగ్ ఖాతా.
గొంతు విప్పితే చంపావతి అవతల కుక్కలు లేచేవి.
మూడో ప్రదర్శనకి వాడికి పట్టుకుంది.
బోనస్ డబ్బుల్తో నైలాన్ చీర కొన్నాడు.
మోచేతి మీద "క" అని పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.
"నాను సచ్చిపోతానండీ గురువుగారూ" అన్నాడు,
వేరుశెనక్కాయలు వొలుచుకుంటూ.
"ఆవిడ్లో ఏటి సూసేవురా?"
చాలాసేపు ఆలోచించాడు.
"సూసేనండి" అన్నాడు.

రామతీర్థం జాతర, శివరాత్రి జాగారం.
త్రినాథ విషం తాగాడు, పాడాడు, కూలాడు.
ఈలలు. వన్స్‌మోర్.
చచ్చిన యువరాజు లేచి
మీసం సరిచూసుకుని
మళ్లీ పాడి మళ్లీ చచ్చాడు.
ఇంకోసారి వన్స్‌మోర్.
ఇంకోసారి చావు.

తరవాత ఆమె పద్యం, శవం పక్కన.
ఎత్తుకోబోయి ఆగింది.
ఆ ఏడాదంతా గొంతులో ఒక గర ఉందట,
మాకెవరికీ తెలీదు.
మరిచిపోయిందనుకుని నేను వరస మీద వేలుంచి
మాట అందించబోయాను.
ఆమె నా వైపు చూడలేదు.
హార్మోనియం వైపు తిరిగింది, అదీ చూపు కాదు,
కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో
చేతికి తెలిసినట్టు.
గవరయ్య తలెత్తలేదు.
ఐదు శ్రుతిలో ఉన్న పెట్టె
నాలుగుకి ఎప్పుడు దిగిందో!
పద్యానికి తబలా ఉండదు గనక
పట్టిచ్చేవాళ్లు కూడా లేరు.
ఆ కింది మెట్టు మీద కాలు మోపి
పాదం తరవాత పాదం దిగిందామె.
వన్స్‌మోర్ అనడం ఎవరికీ గుర్తురాలేదు.

తెల్లారగట్ల లారీలో, సామాను మధ్య,
"మజ్జిగ తాగొద్దంతే ఇంతేనా" అని గవరయ్య సణుగుడు.
"సాల్లే, నీ గోల నీదీ" అని ఆమె.
అంటూనే మిరియాల పొట్లం కోసం చెయ్యి చాపింది,
అడక్కుండానే అది ఆ చేతిలో పడింది.
ఎదురుగా త్రినాథ, ఒళ్లో విప్పని చీర పొట్లం.
చూశాడో లేదో.
కంటోడు దాటేదాకా దాన్నలా పట్టుకునే ఉన్నాడు.

మరుసటేడు బొబ్బిలి నుంచి కొత్త నాయిక.
పేరు కామేశ్వరి.
పచ్చబొట్టుకి దీర్ఘం తగిలిస్తే సరిపోయింది.

నవ్వకండి.
విషం సీసాలో బెల్లం నీళ్లే గానీ
వాడి కన్నీళ్లు సొంతవి, దగ్గరుండి చూసినవాణ్ని.
ఏడాదికోసారి నిజంగానే చచ్చేవాడు.

మిల్లు మూశారు. నోటుబుక్కు చెదలు తిన్నంత తినగా
ఆ పేజీ మిగిలింది.
పక్కన పెన్సిల్‌తో నేను రాసుకున్న ముక్క:
"ఇక్కడ శ్రుతి తగ్గాలి."
మొత్తం పుస్తకంలో
నేనెవరికీ అందించాల్సిన పని పడనిది
అదొక్కటే.