మాలకొండయ్యకో రాయి

నలభై మూడు కత్తులున్న మనిషికి
ఏమిస్తాం?
ఏ కత్తి కొన్నా అతని పెట్టెలో
అప్పటికే దాని అక్క ఉంటుంది.

కందుకూరు డిపోలో పదిహేడేళ్ళు
నేను స్టీరింగు, అతను విజిలు.
ఈ నెలాఖరుకి దిగిపోతున్నాడు.
అందరూ చందాలేసి గోడగడియారం కొన్నారు.
కండక్టరుకి గడియారం!
ఉద్యోగమంతా దానితోనే పోట్లాడినవాడికి.
చందా ఇచ్చాను గానీ
మనసు గేరు పడలేదు.

మాలకొండయ్య కత్తులు కొనడు, అడిగి తెచ్చుకుంటాడు.
పొగాకు బారెన్లో పురికోస తెంచీ తెంచీ
అగ్గిపుల్లంత సన్నబడ్డ చాకు.
ఉలవపాడు తోటలో మామిడి ముచ్చికలు కోసిన కొక్కెంకత్తి.
రామాయపట్నం పడవలో ఉప్పు తిన్న బాకు.
లింగసముద్రంలో ఓ మంగలాయన
చూపు మందగించిన రోజు మడిచి ఇచ్చేసిన కత్తి.
మిషన్లు రాకముందు మిగిలిన టిక్కెట్లు
ఒక్కోదానికి ఒక్కోటి దారంతో కట్టి
వెనకవైపు రాస్తాడు:
ఎవరిది, ఏ ఊరు, ఏం కోసింది.
ఒకదాని మీద మాత్రం
ఏం కొయ్యలేకపోయిందో రాసుంది.
చదవబోతే మూత వేశాడు.

కత్తులున్నవాడికి పదునిద్దాం అనుకుని
వారం సెలవు నాడు ఒంగోలు పోయాను.
కొట్టాయన గల్లా మీద నాలుగు పరిచాడు.
ఒకటి ప్లాస్టిక్‌ది, కప్ప నోరు తెరిచినట్టుంది,
కత్తి పెట్టి రెండు లాగులు లాగితే చాలట.
ఒకటి కరెంటుది, ఊరికే గుయ్యిమంటోంది.
ఒకటి వజ్రప్పొడి అద్దిన ఊచ.
ఇంకోటి రెండు రంగుల రాయి,
ఒకవైపు గరుకు, ఒకవైపు వెన్న.
"మీది ఏం కత్తన్నా?" అన్నాడు.
చెప్పబోయి ఆగిపోయాను.
ఆ అగ్గిపుల్లంత చాకుని
కప్ప నోట్లో పెట్టి లాగితే ఏం మిగులుతుంది?
ముప్పై ఏళ్ళ ఒక చేతి వంపు
రెండు లాగుల్లో పోదా?
ఉత్త చేతుల్తో బస్సెక్కాను,
చాలా ఏళ్ళకి, సీట్లో కూర్చుని.

మార్కాపురం ట్రిప్పులో దొరికింది.
పలకల క్వారీ దగ్గర కాశమ్మ టీకొట్టు.
పాలగిన్నె కింద నల్లటి రాయి,
నడుమ గుంట, గుర్రం వీపులా.
"మా మామ ఉలులు నూరుకున్న రాయిలే.
ఇప్పుడంతా మిషన్ కోతేగా."
ఎంతకిస్తావన్నాను.
"రాయికి డబ్బులేందయ్యా?
గిన్నె కింద పెట్టుకోను ఇంకోటి తెచ్చియ్యి."
తర్వాతి ట్రిప్పులో గ్యారేజీ నుంచి
అరిగిన క్లచ్చు ప్లేటొకటి తీసుకెళ్ళాను.
గిన్నె దాని మీద ఇంకా బాగా కూర్చుంది.

కత్తి చేతికిస్తే స్నేహం తెగుతుందంటారు.
రాయికా శాస్త్రముందో లేదో తెలియక
ఆఖరి ట్రిప్పులో, పొదిలి స్టాండులో,
బానెట్టు మీద పెట్టి తీసుకోమన్నాను.

మాలకొండయ్య ఏమీ మాట్లాడలేదు.
గుంటలో బొటనవేలు పెట్టి
ఆ చివరికీ ఈ చివరికీ నడిపించాడు,
చిల్లర లెక్కపెట్టే వేలు.

"ఏ కత్తి నూరతావు దీని మీద?" అన్నాను.
"నూరేదేందబ్బా,
ఇదీ అరిగిందేగా."
జేబులోంచి టిక్కెట్టు తీశాడు.
ఎవరిది? కాశమ్మ మామది.
పేరు?
అడగలేదని చెప్పాను.
అదోలా చూశాడు, చిల్లరివ్వని ప్యాసింజర్ని చూసినట్టు.
ఏ ఊరు? చెప్పాను.
ఏం కోసింది?
నాకు తోచలేదు.
పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత ఏదో రాసి, నాకు కనపడకుండా తిప్పి,
రాయికి దారం చుట్టి ముడేసి
మిగిలిన కొస పళ్ళతో తెంపాడు,

నలభై మూడు కత్తులున్న మనిషి.