ఏడో వరుసలో అంగుళం వాలు

ఈ రాతికి మనుషులకన్నా ముందు నీళ్లు తెలుసు.
అయోవా గడ్డ మీద మొక్కజొన్న మొలవకముందు,
అసలు గడ్డే మొలవకముందు
ఇక్కడ వెచ్చని సముద్రం.
కాడల మీద ఊగే సముద్రపు లిల్లీలు
ఒకదాని మీదొకటి రాలి రాలి సున్నపురాయయ్యాయి.
గడ్డి కోసేవాణ్ణి, ఇంతకుమించి శాస్త్రం నాకు రాదు.
మోకాళ్ల మీద కూర్చుని కలుపు పీకుతుంటే
మెట్ల అంచుల్లో కనబడతాయి
చొక్కా గుండీలంత చక్రాలు.

ముప్పై ఆరులో ఈ గుట్ట కింద గుడారాలు లేచాయి.
పని దొరకని కుర్రాళ్లు.
నెలకు ముప్పై డాలర్లు: ఇరవై అయిదు నేరుగా ఇంటికి,
అయిదు సిగరెట్లకీ శనివారానికీ.
మేస్త్రీ వోయ్‌టెక్ హ్రూష్కా
బొహీమియా నుంచి ఉలుల సంచితో దిగినవాడు,
మాట సగం ఇంగ్లీషు, తిట్టు మొత్తం చెక్.
రసమట్టంలో బుడగ నడిమికి రాకపోతే
భోజనం గంట కొట్టినా సరే, రాయి పీకించేవాడు.

పదకొండు వరుసలు.
ఏడో దాంట్లో, ఎడమ కొసన, ఒక్క రాయి అంగుళం వాలింది.
పెట్టినవాడు ఆర్లో స్కార్డాల్, పద్దెనిమిదేళ్లు.
ఆ పొద్దున ఇంటి నుంచి ఉత్తరం:
తమ్ముడు గొంతువాపుతో పోయాడు,
నువ్వు పంపిన డబ్బుతోనే పెట్టె కొన్నాం.
మేస్త్రీ వచ్చాడు. రసమట్టం తీశాడు.
మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.
నాకు ముందు ఇక్కడ గడ్డి కోసిన ముసలాయన చెప్పిన మాట ఇది.
నిజమో కాదో,
రాయి మాత్రం వాలే ఉంది.

మొదటి నాటకానికి దీపాల్లేవు.
ఫోర్డు కార్లు వరసగా నిలబెట్టి హెడ్‌లైట్లు వేశారు.
రాజు వేషం కట్టిన మందుల షాపాయన
శాపం పెట్టబోయి పురుగును మింగాడు.
జనం నవ్వారు; అతను దగ్గుతూనే శపించాడు.

తర్వాత యుద్ధం. ఆపైన పోలియో వేసవి,
వాకిలికి అడ్డంగా తాడు.
తాడు తీశాక కూడా
పిల్లలు చాలాకాలం వంగే లోపలికొచ్చారట.

తొంభైమూడులో నది ఎక్కింది.
వేదిక మునిగింది, ఒకటి, రెండు, ఆరు వరుసలు మునిగాయి,
ఏడో దాని అంచు నాకి ఆగింది.
నాలుగు రోజులు చేపలదే ప్రదర్శన.
బురద కడుగుతుంటే చూశాను,
తడిసిన రాళ్లలో ఆ చక్రాలన్నీ
తెలిసినవాళ్లొచ్చి వెళ్లినట్టు నల్లగా తేలాయి.

వాన వెలిస్తే ఆ వాలు మూల గుక్కెడు నీళ్లు నిలుస్తాయి.
పిట్టలకు చాలు.

పోయిన మంగళవారం కౌంటీ ఇంజనీరమ్మ వచ్చి
ఆ రాయి మీద సుద్దతో పెద్ద ఇంటూ గీసింది:
పీకి మట్టం చేయాలట.
పొద్దున చూస్తే గుర్తు లేదు.
వాన కడిగేసిందేమో అన్నాను.

ఆ రాత్రి చినుకు పడలేదు.
బకెట్టు నాదే.