ఇసక డబ్బా

పర్లాకిమిడి బస్టాండు వెనక నా సెల్‌ఫోన్ల కొట్టు.
బోర్డు మీద ఒరియాలో నా పేరు, తెలుగులో నా పని,
ఇంగ్లీషులో రెండు తప్పులు.
బల్ల కింద నూనె డబ్బా,
సగానికి మహేంద్రతనయ ఇసక.

పొట్ట ఉబ్బిన బ్యాటరీ ఏదొచ్చినా
ముందు దాని మొనలకి టేపు చుట్టి
ఇసకలో పడుకోబెడతాను.
నొక్కొద్దు, పొడవొద్దు, ఎండ తగలనీయొద్దు,
పొయ్యి దగ్గరికి పోనీయొద్దు.
పచ్చి బాలింతకి చెప్పినట్టే చెబుతాను
తెచ్చినవాళ్లకి.
నవ్వుతారు.

నేనూ నవ్వేవాణ్ణి.
సాయంత్రాలు ఏటిగట్టున నల్లటి పొగ లేచేది.
గున్నమ్మ మనవడు దండాసి
చార్జర్ల వైర్లు కుప్పపోసి కాల్చి
రాగి ఏరుకునేవాడు.
ఆ పొగ నా కొట్టు దాకా వస్తే
తలుపు దగ్గరకేసి
ఎవడ్రా అది, అనేవాణ్ణి.
ఆ వైర్లెవరివని అనుకోలేదు.

ఒక ఆదివారం వాడు దేన్నో రాతి మీద పెట్టి కొట్టాడు.
బుస్సుమంది.

మూడోనాడు గున్నమ్మ వచ్చింది.
తగువుకొచ్చిందనుకున్నాను.
కొంగుముడి విప్పి
మసిబారిన ముక్కొకటి బల్ల మీద పెట్టింది.
"ఇది మీదేనట బావూ.
గుంటడు మళ్లీ ముట్టుకుంటాడేమో, మీ కాడే ఉంచండి."
సగం కాలిన అట్ట మీద
నా చేతిరాతలో తేదీ,
పనికిరాదని నేనే కొట్టిన ఇంటూ గుర్తు.

వాడి కుడి అరచేతిలో ఇప్పుడు గీతల్లేవు.
సోది చెప్పే ఆవిడ పట్టుకు చూసి
డబ్బులడక్కుండా వదిలేసింది.
రేషను మిషను వాడి బొటనవేలు ఒప్పుకోదు.
మళ్లీ పెట్టు అంటుంది.
మళ్లీ పెడతాడు.

ఆ రోజు నుంచే డబ్బా.

డబ్బా నిండాక తెలిసింది,
దాన్ని దించుకునే ఊరు లేదని.
మునిసిపాలిటీ బండివాడు తొంగిచూసి
తడి చెత్తా కాదు, పొడి చెత్తా కాదంటూ గేరు మార్చాడు.
ఏరు దాటి పాతపట్నం పట్టుకెళ్తే
ఒడిశా సరుకు ఒడిశాలోనే పారేసుకోమన్నారు.
బతికుండగా ఇవే ఫోన్లు
వంతెన మధ్యకి రాగానే
అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు
స్వాగతం, స్వాగతం అని మోగేవి.
చచ్చాక ఏ రాష్ట్రమూ పిలవదు.

ఎంతమందినో అడగ్గా అడగ్గా
విశాఖపట్నంలో లైసెన్సున్నవాళ్లు దొరికారు.
రైల్లో ఎక్కించొద్దన్నారు, మా బండే వస్తుందన్నారు.
మూణ్ణెల్లకోసారి వస్తుంది.
మొదటి రసీదు ముప్పయ్యొక్క కిలోల నాలుగొందల గ్రాములు.
అద్దం కింద పెట్టాను,
దేవుడి పటం పక్కన కాదు,
కరెంటు బిల్లుల పక్కన.

మొన్న సంతరోజున కొండ మీంచి ఒక సవర ముసలామె
అడ్డాకులో చుట్టి మూడు చచ్చిన ఫోన్లు తెచ్చింది.
ఒకటి కాసేపు కళ్లు తెరిచింది.
అందులో ఉన్న ఫొటోలు దించి,
సిమ్ములు ఆమె చేతిలో పెట్టి,
లోపలంతా తుడిచేశాను.
"మా వైపు పోయినవాళ్లకి రాయి నాటుతాం.
వీటికేం నాటుతారు?"
నాటరమ్మా, తవ్వుతారు, అన్నాను.
రాగి, కాస్త వెండి, నలుసంత బంగారం.
"మా కొండ గురించీ ఇలాగే అన్నారు" అని
అడ్డాకు మడిచి సంచిలో పెట్టుకు వెళ్లిపోయింది.

బడి వదిలాక దండాసి వస్తాడిప్పుడు.
ఎడం చేత్తో చీటీలు రాస్తాడు,
ఎవరిది, ఎప్పుడు తెచ్చారు, ఉబ్బిందా లేదా.
బ్యాటరీ మాత్రం ముట్టడు.
ముట్టమని నేనూ అనను.

కొట్టు కట్టేసే ముందు
కొత్త ఇసక బస్తా విప్పితే
కుడి చెయ్యి మణికట్టు దాకా దూర్చి ఉంచుతాడు.
తడుందేంట్రా, అంటాను.
ఇసక తడిగా ఉండకూడదు.
వాడు వెంటనే చెప్పడు.
కాసేపు చూసి
ఎడం చెయ్యి కూడా పెట్టి
అప్పుడంటాడు,
పొడిగానే ఉందని.