ఎడమచేతి బుట్ట

పిరనీస్ కొండల అంచున, మా బాస్క్ ఊళ్ళో
పెలోటా బుట్టలు అల్లేది ఎర్రమున్ ఒక్కడే.
యాభై రెండేళ్ళుగా
కుడిచేతికే అల్లాడు.
చలికాలం కొట్టిన చెస్ట్‌నట్ కొమ్మకి
ఆవిరి పట్టించి వంచితే
గద్ద ముక్కులాంటి చట్రం.
దానికి పక్కటెముకల్లా సన్న బద్దలు,
ఆ సందుల్లోంచి
ఏటి ఒడ్డున పెరిగిన విల్లో ఈనెలు.
తోలు తొడుగు కుట్టేది నేను.
మా సంసారమూ అంతే.
వంచేది ఆయన, బిగించేది నేను.

మార్చిలో, వాన వెలిసిన పూట,
ఉషువే వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల.
ఎడమ మోచెయ్యి వాచి ఉంది.
చంకలో నల్లటి ప్లాస్టిక్ బుట్ట,
వాళ్ళన్న మిషన్‌లో అచ్చు పోసిచ్చాడట.
"ఇది విరగదు తాతా," అంది,
"అదే బాధ. బంతి దెబ్బంతా
నా ఎముకలోకి వచ్చేస్తోంది."

ఎర్రమున్ దాన్ని గోటితో కొట్టి చూశాడు.
టక్‌మంది.
"దీనికి ఓర్చుకోవడం రాదు," అన్నాడు.
తర్వాత నేను భయపడ్డ మాటే అన్నాడు:
"ఎడమచేతి వాళ్ళని పెద్ద కోర్టుల్లో
ఆడనివ్వరమ్మా.
పక్కగోడ ఎడమవైపే కదా."
"మా చర్చి వెనక ఉన్నది
ఒక్కటే గోడ," అందా పిల్ల.
"దానికి పక్కలే లేవు."

ఆ రాత్రి నా అద్దం కనపడలేదు.
కొట్టులోకి వెళ్ళి చూస్తే,
బల్ల మీద దాన్ని నిలబెట్టి
ఎదురుగా ఒక పాత బుట్ట పెట్టి
అద్దంలో బొమ్మని చూస్తూ అల్లుతున్నాడు.
నాలుగు వరసలు అల్లి, ఆరు విప్పి.
ఈనెకి కుడీ ఎడమా లేవు,
తడిపితే ఎటంటే అటు.
మొండికేసినవి ఆయన చేతులే.
ఏప్రిల్ అంతా మా ఇంట్లో
జపంలా బూతులు.

మొదటి బంతి గోడకి తగిలిన చప్పుడు
సందు చివరిదాకా వినిపించింది.
బుట్ట కాస్త మూలిగింది.
మూలిగి, సర్దుకుంది.
దెబ్బలో సగం తనే దిగమింగింది.

మూడు వారాలకి ఒక బద్ద విరిగింది.
ఏడుపు మొహంతో పట్టుకొచ్చిందా పిల్ల.
ఎర్రమున్ మొహం చూడాలి, పండగ!
"అది విరిగింది కాబట్టే
నీ చెయ్యి విరగలేదు," అంటూ
పాతది ఊడదీసి కొత్తది దూర్చాడు,
కాఫీ చల్లారేలోపు.
విరిగిన ముక్క పొయ్యిలో వేశాను.
చెస్ట్‌నట్ కదా, చిటపటలాడింది.
పోతూ పోతూ కూడా మాటపడదు.

ప్లాస్టిక్ బుట్ట మా గుమ్మం దగ్గరే ఉంది.
గొడుగులు పెట్టుకుంటున్నాం.
నిజం చెప్పొద్దూ,
దానికి బాగా పనికొస్తోంది.

నిన్న భోజనాల దగ్గర చూద్దును కదా,
ఎర్రమున్ ఎడమచేత్తో సూప్ తాగుతున్నాడు.
సగం చొక్కా మీదే.
నేను నవ్వితే కోపం.
"నవ్వకు. ఆ పిల్ల బళ్ళో
ఇంకో ముగ్గురున్నారట."