వరుస

సొహార్‌ల పొద్దున ఆరింటికే గోడ చెయ్యి కాలుస్తది.
పంపుహౌజు నిండ మూడువందల పదకొండు డబ్బాలు,
బొటనవేలంత కొన్ని, సబ్బుబిళ్ళంత కొన్ని,
జర్మనీవి, కొరియావి, పేరు చెరిగిపోయినవి.
అన్నీ చెప్పేది ఒకటే: వేడి.
ఒకటి దాన్ని టెంపు అంటది, ఒకటి ఉత్త టీ అంటది,
ఒకటి ఫారెన్‌హీట్‌ల చెప్పి గుండె ఆపినంత పని చేస్తది.

ఇంజనీర్ షమ్సా బింత్ ఖల్ఫాన్
తెల్లబోర్డు మీద గుండ్రాలు గీసింది, గుండ్రాల నడుమ గీతలు.
నా పేరు ఆశన్న. ఆమె నోట్ల హసన్ అయిత.
"చూడు హసన్," అన్నది, కొంత అరబ్బీల, కొంత హిందీల,
మిగిలింది చేతులతోని:
డబ్బా ఒక్కటే ఉంటే ఒర్రుకుంట ఉంటది.
ఏడున్నది, దేన్ని చూస్తున్నది, అది దేనికి సంబంధం,
ఇవి కలిస్తేనే మాట.

నాకు నవ్వొచ్చింది.
కోరుట్ల బస్టాండుల రోజూ అయ్యేది ఇదే గదా.
బెంచీ మీద పక్కకు కూసున్న ముసలామె
టికెట్టు కొంగుకు ముడేయకముందే అడుగుతది:
ఏ ఊరు? ఎవల కొడుకువు? మెట్‌పల్లి సాయవ్వ నీకేమైతది?
మూడో ప్రశ్నకు నేను ఆమెకు అల్లుణ్ణి,
నాలుగోదానికి నన్ను తిట్టే హక్కు ఆమెది.

ఇగ వరుసలు కలుపుడు మొదలువెట్టినం.
నాలుగో పంపు బేరింగు మీది డబ్బా ఆ పంపుకు ఆడబిడ్డ,
చిన్నదానికీ పెద్దదానికీ ఫిర్యాదే.
ఉప్పునీళ్ళ పైపుల ఉన్న రెండూ యారాండ్లు,
ఒక్కటే నీళ్ళను చూసి రెండు లెక్కలు చెప్తయి.
ఆరుబయట గాలిని కొలిచేది పెద్దమనిషి,
దాన్ని అడగకుంట ఏ వేడినీ నమ్మొద్దు.
షమ్సా కంప్యూటర్ల వీటికి మాటలు మూడే:
దీని భాగం. దీన్ని కొలుస్తది. ఇక్కడ ఉంటది.
అంత సంసారమూ ఆ మూడిట్ల పట్టింది.

రెండు వారాలకు యంత్రం దానంతట అదే తర్కం తీసింది:
బేరింగు కాలుతున్నది, గాలి మామూలుగున్నది,
అట్లయితే గ్రీజు అయిపోయి ఉంటది, చూసి రా.
పోయి చూస్తే నిజమే.

జూలైల రెండువందల పన్నెండు మొండికేసింది.
అది స్టోర్‌రూముల ఏసీ కింద ఉండేది, ఇరవై నాలుగు చెప్పాలె.
నలబై తొమ్మిది అంటది.
యంత్రం తీర్పిచ్చింది: అసాధ్యం.
చెడిపోయింది, దీని మాట లెక్కల పట్టొద్దు.
పన్నెండు రోజులు అదే అంకె చెప్పింది,
పన్నెండు రోజులు దాని మీద ఎర్రగీత.

మార్చి పారేద్దామని నిచ్చెన తీస్కపోయిన.
గోడకు రెండు మొలలు. డబ్బా లేదు.

వెనుక రేకులషెడ్డుల దొరికింది.
పగటీలి మూడు గంటలు పని బందైతే
రంగులేసేటోళ్ళు ఒరిగే జాగ అది.
చాప పక్కన, ఇనుపపట్టీకి, బూటు తాడుతోని కట్టి ఉన్నది.
కట్టింది రాజలింగు.
"మీ గదిల ఏ తెర చూసినా అంకెలేనాయె," అన్నడు,
"మా అంకె గూడ అండ్లకు పోతే
ఎవలన్న అడుగుతరేమో అనుకున్న."

డబ్బా అబద్ధమాడలే. వరుస తప్పింది.

షమ్సాకు చెప్పిన. ఆమె చాలసేపు బోర్డు దిక్కు చూసింది.
ఆమె పేరుల తండ్రి ఉన్నడు, పూర్తిగా రాస్తే తాత, తెగ కూడ ఉంటయి.
ఆ షెడ్డుకు గుండ్రమే లేదు.
ఒకటి గీసింది. మార్కరు ఎత్తి పట్టుకొని అడిగింది:
"ఇది దేని భాగం, హసన్?"
పంపుహౌజుది కాదు. స్టోరుది కాదు. కాంట్రాక్టరు కాగితంల అసలు లేదు.
గుండ్రం ఒంటిగనే మిగిలింది.

అయినా "ఇక్కడ ఉంటది" దగ్గర చోటు మార్చినం.
మరునాడు పన్నెండున్నరకు యంత్రం ఎర్రగీత తీసేసింది.
యాభై పాయింట్ రెండు. ఎండకు రేకులషెడ్డు.
ఈ చోటికి ఇది మామూలే, అన్నది.

కిటికీ అవతల రాజలింగు నిలబడి
ఏమన్నదని చెయ్యి ఊపుతున్నడు.
నేను తెర చూస్తున్నట్టు చేస్తున్న.